పిందె రాలిన రోజు అడిగిన ప్రశ్న

2019 వర్షాకాలంలో, మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో చేరిన మర్నాడే ఒకావిడ రెండు ఫోటోలు పెట్టి, "సొరపాదుకు పిందెలు వస్తున్నాయండీ, నాలుగు రోజులకల్లా పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి, ఏ మందు వేయాలి?" అని అడిగారు. అంతకు ముందు రెండు వారాల్లో అదే ప్రశ్న మా గ్రూపులో కనీసం నాలుగుసార్లు వచ్చింది. నిర్వాహకుల్లో ఒకరినైన నేను, "ఇది ఎన్నోసార్లు చర్చించిన విషయం, దయచేసి పైకి వెళ్లి పాత సందేశాలు చూడండి" అని జవాబిచ్చాను. దయచేసి అన్న మాట ఉంది కాబట్టి జవాబు మర్యాదగానే ఉందనుకున్నాను. నా వెనకే ఇద్దరు పాత సభ్యులు నవ్వు బొమ్మలు పెట్టారు. మరొకరు "అందరూ మందులతోనే మొదలుపెడతారు" అని రాశారు. ఆవిడ "క్షమించండి" అని ఒక్క మాట రాసి, ఆ రాత్రే గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

కొన్ని రోజుల తరువాత, కొత్త ఫోన్ కొని నంబరు మార్చిన ఒక మిత్రుడిని మళ్లీ గ్రూపులో చేర్చినప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. చేరిన క్షణానికి ముందు గ్రూపులో జరిగిన సంభాషణ ఏదీ ఆయన ఫోన్‌లో కనిపించలేదు. ఆవిడకూ కనిపించి ఉండదు. నేను చూడమన్న "పైన" అనేది ఆవిడ ఫోన్‌లో లేనే లేదు. లేనిదాన్ని వెతకమని చెప్పి, వెతకలేదన్న నింద కూడా వేశాను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ మాట గుర్తుకు వస్తే నాకు బాధగానే ఉంటుంది.

ఆ రోజు ఇవ్వవలసిన జవాబు నాలుగు వాక్యాలకు మించదు. సొరపాదుకు మొదట కొన్ని రోజులు మగపూలే వస్తాయి, ఆ తరువాత అడుగున చిన్న పిందెతో ఆడపూలు వస్తాయి, మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకు చేరకపోతే ఆ పిందె పసుపురంగుకు మారి రాలిపోతుంది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, దాని దగ్గరకు చీకటిపడే వేళ రెక్కల పురుగులు రావాలి, నాలుగో అంతస్తు మిద్దె మీదికి అవి అంతగా రావు. కాబట్టి సాయంత్రం అప్పుడే విచ్చుకున్న మగపువ్వును కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్యభాగానికి మృదువుగా తాకించాలి. మందు ఏదీ అక్కరలేదు. ఆవిడ మాత్రం పిందెలు ఎందుకు రాలుతున్నాయో తెలియకుండానే వెళ్లిపోయారు. బహుశా ఆ తరువాత ఏదో ఒక మందు కొనే ఉంటారు.

అభిరుచి కోసం ఒకచోట చేరే మనుషుల మధ్య కొత్తవారిని ఎలా చూడాలన్న విషయంలో నేను ఏదైనా నేర్చుకున్నానంటే ఆ సంఘటన నుంచే నేర్చుకున్నాను. ఇక్కడ రాస్తున్నది మిద్దెతోటల గురించే అయినా, వంట, పక్షులను చూడడం, పాత నాణేలు సేకరించడం వంటి ఏ అభిరుచి గ్రూపులో ఉన్నవారికైనా ఇందులో కొంత తమదే అనిపించవచ్చు.

ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుందన్నది పాతవారి ప్రధానమైన ఫిర్యాదు. ఆ విసుగు నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ ప్రశ్న వందోసారి వచ్చేది మనకే. అడిగినవారు తమ జీవితంలో మొదటిసారి అడుగుతున్నారు. పైగా రెండు నెలలు నీళ్లు పోసి, పందిరి కట్టి, రోజూ ఉదయం వెళ్లి చూసుకున్న పాదుకు వచ్చిన మొదటి పిందె రాలిన రోజున అడుగుతున్నారు. ఆ ఫోటో వెనక ఉన్న దిగులు నాలుగుసార్లు వచ్చినా నాలుగు వేరువేరు మనుషుల దిగులే.

పాత జవాబులు అందుబాటులో ఉన్నచోట కూడా కొత్తవారు వెతకలేకపోవడానికి మరొక కారణం ఉంది. వెతకాలంటే మాట తెలిసి ఉండాలి. పిండినల్లి అన్న మాట తెలిసినవారు ఆ మాటతో వెతికి జవాబు పట్టుకుంటారు, తెలియనివారు "మొక్క మీద తెల్లగా ఏదో ఉంది" అని రాస్తారు. ఆ తెల్లగా ఉన్నది మూడింటిలో ఏదైనా కావచ్చు. కణుపుల దగ్గర దూదిపింజల్లా అంటుకుని ఉంటే పిండినల్లి, ఆకు పైభాగాన విభూతి చల్లినట్టు ఉంటే బూడిద తెగులు, ఆకును కదిపితే కింది నుంచి తెల్లటి చిన్న పురుగులు లేస్తే తెల్లదోమ. మూడింటికీ చేయవలసిన పని వేరు. పిండినల్లిని నీటిధారతో కొట్టి కడిగి, దాన్ని మోసుకు తిరిగే చీమల సంగతి కూడా చూడాలి. బూడిద తెగులుకు సోకిన ఆకులు తీసేసి పాదు మధ్య గాలి ఆడేలా చేయాలి. తెల్లదోమకు పసుపురంగు జిగురు అట్టలు కట్టాలి. ఇంత తేడా ఉన్నప్పుడు, "తెల్లగా ఏదో ఉంది" అన్నవారికి "వేపనూనె కొట్టండి" అని రెండు మాటల్లో చెప్పి ఊరుకోవడం కూడా ఒక రకమైన నిర్లక్ష్యమే.

అందువల్ల నా దృష్టిలో కొత్తవారి పట్ల మర్యాద అంటే ముందుగా ఒక ప్రశ్న అడగడం. "ఆకు వెనకవైపు ఫోటో ఒకటి పెడతారా?" అని అడిగితే మొక్కకు కావలసిన వివరమూ వస్తుంది, అడిగినవారికి తమ మాట ఎవరో శ్రద్ధగా వింటున్నారన్న నమ్మకమూ కలుగుతుంది. మిరప మొక్కకు ఆకుముడత వచ్చిందంటే, అంచులు పైకి ముడుచుకున్నాయా కిందికి ముడుచుకున్నాయా అని తప్పక అడుగుతాను. పైకి ముడుచుకుంటే తామరపురుగులు, కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉంటే నల్లి (ఆకు రసం పీల్చే, కంటికి సరిగా ఆనని సాలీడు జాతి జీవి) అని రైతులు తరచుగా గుర్తుపట్టే పద్ధతి అది. ఆ ప్రశ్నకు సమాధానం కోసం మిద్దె ఎక్కి ఆకును చేత్తో పట్టుకుని చూసినవారు మరుసటి సంవత్సరం ఎవరినీ అడగనక్కరలేకుండానే ఆ తేడా గుర్తుపడతారు.

ఎక్కడ ఉంటున్నారని అడగడం కూడా అంతే ముఖ్యం. ఒకసారి అక్టోబరు నెలలో ఒక కొత్త సభ్యుడు "ఇప్పుడు ఏ గింజలు వేసుకోవచ్చు?" అని అడిగితే, క్యాబేజీ, కాలీఫ్లవర్, టమాటా నారు పోసుకోమని పదిమంది చెప్పారు. ఆయన అవన్నీ రాసుకున్నాక, తాను మెల్‌బోర్న్‌లో ఉంటున్నానని, అక్కడ ఇప్పుడు వసంతకాలమని, సొర, బీర వేసుకోవచ్చునేమోనన్న ఉద్దేశంతో అడిగానని మొహమాటపడుతూ చెప్పారు. ముందే చెప్పాలి కదా అని ఒకరు ఆయనను కోప్పడ్డారు. తెలుగువారు ఇప్పుడు అన్ని ఖండాల్లో మొక్కలు పెంచుతున్నారని తెలిసీ మనం అడగకపోవడమే అక్కడ జరిగిన పొరపాటు అని నా అభిప్రాయం. న్యూజెర్సీలో ఉన్నవారు ఏప్రిల్‌లో ఇంట్లోపల నారు పోసుకుని, మంచు భయం తీరాక మే నెల మధ్యలో బయట నాటుతారు. వారికి మృగశిర కార్తె లెక్క చెప్పి ఉపయోగం లేదు.

ఇక మనకు మాత్రం మృగశిర కార్తె మొక్కల కాలమే కాదు, కొత్త సభ్యుల కాలం కూడా. రోహిణి ఎండలు తగ్గి, జూన్ మొదటివారం దాటి తొలకరి పడగానే గ్రూపులో చేరేవారి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు యూజ్‌నెట్ కథ గుర్తుకు వస్తుంది. ఇంటర్నెట్ ఇంకా సామాన్యులకు అందని రోజుల్లో, ఎక్కువగా విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారు ఆ వేదికలో చర్చించుకునేవారు. అమెరికాలో చదువుల సంవత్సరం మొదలయ్యే సెప్టెంబరులో కొత్త విద్యార్థులు వచ్చి పడేవారు, కొన్ని వారాల్లో అక్కడి పద్ధతులు నేర్చుకుని కలిసిపోయేవారు. 1993 తరువాత వాణిజ్య సంస్థలు తమ చందాదారులందరికీ ఆ ద్వారం తెరవడంతో కొత్తవారి ప్రవాహం ఆగలేదు. పాతవారు దానికి "అంతంలేని సెప్టెంబరు" అని పేరు పెట్టారు. ఆ పేరులో వచ్చినవారి మీద ఫిర్యాదు వినిపిస్తుంది, వచ్చినవారికి సరిపడా నేర్పేవారు లేకపోయారన్న సంగతి మాత్రం వినిపించదు. అంతకు ముందు ప్రతి సెప్టెంబరులోనూ విసుక్కోకుండా నేర్పినవారు ఎవరో ఉండే ఉంటారు కదా, వారి గురించి ఏ పేరూ మిగలలేదు.

మా అంతంలేని మృగశిర 2020లో వచ్చింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక నర్సరీలు మూతపడ్డాయి, జనం వంటింట్లో ఉన్న ధనియాలు, మెంతులు, ఎండుమిరప గింజలు, పండిన టమాటాలు తీసుకుని మిద్దె ఎక్కారు. అప్పట్లో వాట్సాప్ గ్రూపుకు 256 మంది పరిమితి ఉండడంతో రెండు నెలల్లో మేము రెండో గ్రూపు, మూడో గ్రూపు తెరవవలసి వచ్చింది. ధనియాలను నలిపి రెండు బద్దలుగా చేసి వేయాలని, మెంతులు మూడు నాలుగు రోజులకే మొలిచినా ధనియాలకు పది పదిహేను రోజులు పట్టవచ్చని, ఏప్రిల్ ఎండల్లో కొత్తిమీర సరిగా రాకపోవడం వారి తప్పు కాదని ఆ రెండు నెలల్లో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. అయితే ఈసారి మేము పద్ధతి మార్చుకున్నాం. ఏడుగురం కలిసి వారానికి ఒక రోజు చొప్పున వంతులు వేసుకున్నాం. ఆ రోజు వంతు ఉన్నవారే జవాబు చెప్పాలి, విసుగు వచ్చినవారు ఆ రోజు గ్రూపు తెరవకపోయినా పరవాలేదు. విసుగుతో ఇచ్చే జవాబు కన్నా రేపు ఇచ్చే జవాబు మంచిదన్నది మేము పెట్టుకున్న ఒకే ఒక్క నియమం. వంతు ఉన్న రోజున అదే ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పడం నాకు కష్టమనిపించలేదు, మిగిలిన ఆరు రోజులూ ఆ బాధ్యత నా మీద లేకపోవడమే దానికి కారణం.

మర్యాదకు సంబంధించి నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిన సంఘటన యూరియా విషయంలో జరిగింది. ఒక కుర్రవాడు, వంగమొక్క ఉన్న కుండీలో ఒక చెంచా యూరియా వేశానని, మర్నాటికి ఆకుల అంచులు మాడిపోయాయని, మొక్కను కాపాడుకోవడం ఎలాగని అడిగాడు. మా గ్రూపులో చాలామంది సేంద్రియ పద్ధతిని ఎంతో నమ్మకంతో పాటించేవారు, నేనూ అంతే. ఒక గంటలో ఇరవైకి పైగా స్పందనలు వచ్చాయి. మట్టిని చంపేస్తున్నారని, విషం తినాలనుకుంటే బజారులోనే కొనుక్కోవచ్చు కదా అని, ఇలాంటివారిని గ్రూపులో ఎందుకు చేర్చుకుంటున్నారని రాశారు. ఆ ఇరవైలో ఒక్కటైనా అతడు అడిగినదానికి జవాబు కాదు. కుండీ అడుగు రంధ్రాల నుంచి నీరు ధారగా బయటికి పోయేలా రెండు మూడుసార్లు నిండుగా నీళ్లు పోస్తే, ఎక్కువైన యూరియా చాలావరకు నీటితో కొట్టుకుపోతుంది. వెంటనే చేస్తే మొక్క బతికే అవకాశం ఉంది. ఆ మాట చెప్పగలిగినవారు మాలో కనీసం పదిమంది ఉన్నారు. నేను ఆ సాయంత్రం చూసి చెప్పేసరికి మొక్క వాలిపోయింది.

మన నమ్మకాన్ని కొత్తవారికి అందించాలంటే కూడా దారి అదే కదా. ముందు మొక్కను బతికించే మాట చెప్పి, అది తేరుకున్నాక, చివికిన పశువుల ఎరువు వేస్తే ఇలాంటి ప్రమాదం ఉండదని చెబితే ఎవరైనా వింటారు. సేంద్రియ పద్ధతిలోనూ కొత్తవారు పొరపాట్లు చేస్తారు. పచ్చి పేడ నేరుగా కుండీలో వేసి వేర్లు దెబ్బతీసుకున్నవారిని నేను చాలామందిని చూశాను. వారిని మాత్రం మేము "పరవాలేదండీ, నేర్చుకుంటారు" అని ఓదార్చేవాళ్లం. రెండూ తెలియక చేసిన పనులే అయినా, ఒకటి మన పక్షం పొరపాటు, మరొకటి ఎదుటి పక్షం పొరపాటు అన్నట్టు ప్రవర్తించాం. ఆ కుర్రవాడికి నేను విడిగా ఫోన్ చేసి గ్రూపు తరఫున క్షమాపణ చెప్పాను. అతడు గ్రూపులో ఉన్నాడు గాని మళ్లీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఒకరిని మందలించినప్పుడు అది ఆ ఒక్కరి దగ్గర ఆగిపోదు. అదే సమయంలో అదే పొరపాటు చేసి, అడగాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు గ్రూపులో మరికొందరు ఉంటారు. వారు ఆ ఇరవై స్పందనలూ చదివి ఫోన్ పక్కన పెట్టేస్తారు.

పలుకుబడి విషయం కూడా చెప్పాలి. శ్రీకాకుళం నుంచి వచ్చిన సభ్యురాలు ఆనపకాయ అంటారు, విజయవాడవారు సొరకాయ అంటారు, తెలంగాణలో ఆనిగెపుకాయ అన్న మాట వినిపిస్తుంది. గోంగూరను పుంటికూర అనేవారికి, బంగాళాదుంపను ఉర్లగడ్డ అనేవారికి, ఆలుగడ్డ అనేవారికి అవి తమ ఇంట్లో అమ్మమ్మ నాయనమ్మల నుంచి వచ్చిన మాటలు. కొత్తగా చేరిన మనిషి ధైర్యం చేసి మొదటి వాక్యం రాసినప్పుడు, అందులోని కూరగాయ పేరును సరిదిద్దడం నా దృష్టిలో చాలా పెద్ద తప్పు. అలాగే ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసేవారిని "తెలుగులో రాయండి" అని గద్దించడం. నాకు తెలుగు లిపి అంటే ఎంతో ఇష్టం. అయినా ఆ ఇష్టాన్ని ఎండిపోతున్న మొక్క ఫోటో కింద చాటుకోను. నేను తెలుగు లిపిలో జవాబిస్తాను, వారిలో కొందరు కొన్నాళ్లకు తామే లిపి మార్చుకుంటారు, మరికొందరు మార్చుకోరు, ఇద్దరి మొక్కలూ పెరుగుతాయి.

సంబోధన గురించి ఒక్క మాట. ముఖం తెలియని మనిషిని "అండీ" అనడం, పేరు చివర "గారు" చేర్చడం మన భాష మనకు ఇచ్చిన సౌకర్యం. ఫోటోలో మల్లెపువ్వు పెట్టుకున్నవారందరినీ "అమ్మా", "చెల్లీ" అని పిలవడం, చిన్నవారనుకుని "నువ్వు" అనడం చనువుగా అనిపించవచ్చు గాని, అవతలివారు కూడా మనల్ని అలాగే పిలిచేదాకా ఆగడం మంచిది. వరసలు కలుపుకోవడం మనకు సహజమే, అవి కొంత పరిచయం తరువాతే అందంగా ఉంటాయి.

మర్యాద అంటే మెత్తగా మాట్లాడడం ఒక్కటే అనుకునేవారితో నాకు ఏకీభావం లేదు. అన్నం తిన్న పళ్లెమంత కుండీలో బీరపాదు పెట్టినవారి ఫోటో కింద "సూపర్", "చాలా బాగుందండీ" అని ముప్పై మంది రాస్తే, ఆ పాదు ఎప్పటికీ సరిగా కాయదన్న నిజం వారికి ఎవరు చెబుతారు? బీరకు లోతైన, వెడల్పైన తొట్టి కావాలని, ఇప్పుడే వేర్లు కదలకుండా మట్టిగడ్డతో సహా మార్చుకోవచ్చునని చెప్పడమే వారికి గౌరవం ఇవ్వడం. తెలియని జవాబును తెలిసినట్టు చెప్పకపోవడం కూడా అందులో భాగమే. మొక్క ఏ జబ్బుతో ఉందో తేలకముందే ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేయమని ప్రతివారికీ చెప్పే పెద్దలు మా గ్రూపులో ఉన్నారు. వారి మాట ఎంతో తియ్యగా ఉంటుంది, మొక్కకు మాత్రం మెగ్నీషియం లోపం ఉంటేనే దానితో ప్రయోజనం.

విత్తనాల కోసమే వచ్చి, పోస్టులో విత్తనాలు అందగానే మాయమయ్యే కొత్తవారి మీద కోపం మాలో చాలామందికి ఉంది. నేను ఆ కోపాన్ని పంచుకోలేను. గుప్పెడు తోటకూర గింజలు ఎవరి మిద్దె మీద మొలిచినా గింజలు మొలిచినట్టే. సరుకు అమ్ముకోవడానికి చేరి రోజూ ప్రకటనలు పెట్టేవారి సంగతి వేరు. వారిని ఒకసారి హెచ్చరించి, వినకపోతే తొలగిస్తాం, అందులో మొహమాటం లేదు.

ఇప్పుడు మా గ్రూపులో కొత్తవారికి ఇవ్వడానికి ఒక పట్టిక తయారు చేస్తున్నాం. అందులో తెగుళ్ల పేర్లు ముందు రావు, కొత్తవారు నిజంగా రాసే మాటలే ముందు వస్తాయి: పిందె రాలుతోంది, ఆకు ముడుచుకుంది, పూత నిలవడం లేదు, మొలక రాలేదు. వాటి పక్కన ఫోటోలు, వాటి తరువాత పేరు, చివర చేయవలసిన పని. సొర అన్నచోట ఆనప కూడా రాశాం. పట్టిక ఉంది కదా అని ఎవరినీ ఊరికే అటు పంపకుండా, ముందు వారి ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, తరువాతే పట్టిక ఇవ్వాలని అనుకున్నాం. మృగశిర దగ్గరపడుతోంది. "తెల్లగా ఉంది" అన్న మాట కింద పెట్టవలసిన మూడు ఫోటోల్లో తెల్లదోమది ఇంకా స్పష్టంగా రాలేదు, రేపు ఉదయం ఎండ ఎక్కకముందే వంగమొక్కల దగ్గర మళ్లీ తీయాలి.